అశ్వహృదయం: గుర్రపు పరిచర్యకూ మానసిక స్వస్థతకూ గల సంబంధం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

గుర్రాన్ని సాకడం, గుర్రపు స్వారీ చేయడం మనసుకు మేలు చేస్తాయన్న అభిప్రాయం ఇటీవలి దశాబ్దాల్లో వైద్యరంగంలోనూ లోకవ్యవహారంలోనూ బలపడింది. దీన్ని సమర్థించే రచనల్లో రెండు ధోరణులు తరచుగా కనిపిస్తాయి. మొదటిది, స్వారీనీ పరిచర్యనూ వేరు చేయకుండా రెండింటినీ ఒకే చికిత్సగా చెప్పడం. రెండవది, ఆ చికిత్సకు ప్రాచీనతను ఆపాదించడం. స్వారీలోని లయ ఆరోగ్యదాయకమని గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు చెప్పాడన్న మాట ఒకరి నుంచి మరొకరికి చేరుతూ ప్రమాణవాక్యంగా స్థిరపడింది. మన సందర్భంలో శాలిహోత్రుని పేరునూ నకులుని పేరునూ అదే తీరుగా వాడుకోవడానికి అవకాశం ఉంది.

ఈ రెండు ధోరణులనూ మూలగ్రంథాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. స్వారీ చరిత్ర వేరు, పరిచర్య చరిత్ర వేరు. వైద్యం చాలాకాలం స్వారీని మాత్రమే పట్టించుకుంది. పరిచర్యను పట్టించుకున్న అశ్వశాస్త్రాలు గుర్రపు మనసును గురించి ఆలోచించాయి కాని, మనిషి స్వస్థతను తమ ప్రయోజనంగా చెప్పుకోలేదు. ఈ రెండు పాయలూ కలిసినది ఆధునిక కాలంలోనే. ఆ కలయికను గుర్తించకపోతే గుర్రం దగ్గర మనిషి పొందే ఊరట ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియదు. ఈ వాదాన్ని స్థాపించడానికి ఉపమానాలు, అశ్వశాస్త్రాలు, నలోపాఖ్యానం, వైద్యగ్రంథాలు, ఆధునిక ప్రయోగాలు అనే వరుసను ఇక్కడ అనుసరించడం జరిగింది.

పగ్గమూ మనసూ: రెండు ఉపమానాలు

మనసుకూ గుర్రానికీ సంబంధం కల్పించిన ప్రసిద్ధమైన ఉపమానం కఠోపనిషత్తులో ఉంది. అందులో శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన ఫీడ్రస్ సంవాదంలో ఆత్మను ఒక సారథితోనూ రెండు రెక్కల గుర్రాలతోనూ పోల్చాడు. వాటిలో ఒకటి సాధుజాతి, మరొకటి మొండిజాతి. ఈ రెండు ఉపమానాల మధ్య పరస్పర ప్రభావాన్ని ఊహించనక్కరలేదు. రథాన్ని ఎరిగిన సమాజాలకు ఆ పోలిక సహజంగానే తట్టి ఉంటుంది.

మన అంశానికి ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. రెండు ఉపమానాల్లోనూ గుర్రం అదుపు చేయవలసిన శక్తి. మనశ్శాంతి అంటే ఆ అదుపు సాధించడమే. గుర్రానికి తనదైన మనసు ఉందన్న ఊహకు ఆ పోలికలో చోటు లేదు. లోకోక్తి మాత్రం ఇంకాస్త ముందుకు పోయింది. “రౌతు కొద్దీ గుర్రం” అన్న తెలుగు సామెతలో గుర్రపు నడత రౌతు నడతకు ప్రతిఫలనం. “రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది” అన్న సామెత అదే విషయాన్ని వ్యంగ్యంగా చెప్పింది. రెండవ సామెత అదుపునే కోరినా, తన మీద కూర్చున్నవాడెవడో గుర్రం గ్రహిస్తుందన్న ఎరుక రెండింటికీ ఆధారం. ఉపనిషత్తులోని గుర్రం సారథిని పరిశీలించదు. సామెతలోని గుర్రం రౌతును పరిశీలిస్తుంది. ఈ తేడా గుర్రాలతో నిత్యం పనిచేసినవారి అనుభవంలో నుంచి పుట్టినదని భావించవచ్చు.

గుర్రపు మనసును గుర్తించిన శాస్త్రాలు

గుర్రాల శిక్షణపై లభిస్తున్న అతిప్రాచీన రచనల్లో మితన్ని దేశానికి చెందిన కిక్కులి పేరిట ఉన్న హిట్టైటు భాషా రచన ఒకటి. క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది ఉత్తరార్ధానికి చెందిన ఆ మట్టిపలకల్లో ఐక, తేర, పంజ, సత్త వంటి ఇండో-ఆర్య సంఖ్యావాచకాలు ఉండడం వల్ల భాషాశాస్త్రజ్ఞులకు అది సుపరిచితం. మేత, నీరు, పరుగు, విశ్రాంతి ఏ రోజు ఎంత ఉండాలో అది చెప్పింది. గుర్రపు స్వభావాన్ని గురించిన చర్చ ఆ రచనకు ఉద్దేశం కాదు.

ఆ చర్చ క్రీ.పూ. 4వ శతాబ్దంలో జెనఫన్ రాసిన అశ్వారోహణ గ్రంథంలో స్పష్టంగా ఉంది. కోపంతో గుర్రం దగ్గరికి వెళ్ళరాదన్నది ఆయన విధించిన ప్రధాన నియమం. కోపానికి ముందుచూపు ఉండదు కనుక తరువాత పశ్చాత్తాపపడవలసిన పని చేయిస్తుందన్నది ఆయన చెప్పిన కారణం. గుర్రం దేనినైనా చూసి బెదిరితే కొట్టి ముందుకు నడపకూడదు. అలా కొడితే ఆ వస్తువుకు తోడు దెబ్బల భయం కూడా కలుస్తుంది. మొదట రౌతే ఆ వస్తువును తాకి చూపి, గుర్రాన్ని నెమ్మదిగా దగ్గరికి తీసుకుపోవాలి. బలవంతంతో చేయించిన పనిలో గుర్రానికి అవగాహన ఉండదు, అందమూ ఉండదు. పరిచారకుడు గుర్రానికి ఏ చోట నిమిరితే ఇష్టమో ఆ చోటనే నిమరాలన్న సూచన కూడా ఆ గ్రంథంలో ఉంది.

ఈ నియమాలన్నీ పైకి గుర్రం కోసమే ఉన్నాయి. కాని వాటిని పాటించవలసినవాడు మనిషి. గుర్రాన్ని శాంతపరచాలంటే ముందు తాను శాంతపడాలి. జెనఫన్ ఈ ఫలితాన్ని మనిషికి కలిగే లాభంగా చెప్పలేదు. మంచి గుర్రాన్ని తయారుచేయడానికి అవసరమైన షరతుగా చెప్పాడు.

భారతీయ సంప్రదాయంలో అశ్వశాస్త్రం శాలిహోత్రుని పేరిట ప్రసిద్ధం. నకులుని పేర ఉన్న అశ్వశాస్త్రం, జయదత్తుని అశ్వవైద్యకం, తెలుగులో మనుమంచిభట్టు రచించిన హయలక్షణ విలాసం ఈ శాఖకు చెందినవి. లక్షణాలు, సుడులు, వర్ణాలు, వయోనిర్ణయం, వ్యాధులు, చికిత్సలు ఈ శాఖలో ప్రధాన విషయాలు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో అశ్వాధ్యక్షుని విధులను చెప్పే ప్రకరణం వీటికి భిన్నంగా పరిపాలన దృష్టితో సాగింది. లాయపు కొలతలు, దాణా పరిమాణాలు, వైద్యుల బాధ్యత, పరిచారకుల తప్పిదాలకు దండనలు అక్కడ ఉన్నాయి. యుద్ధం వల్లనో, వ్యాధి వల్లనో, ముసలితనం వల్లనో పనికిరాకుండా పోయిన గుర్రాలకు కూడా గ్రాసం ఇవ్వాలన్న విధి అందులో గమనించదగినది. ప్రయోజనం తీరిన ప్రాణిని పోషించే బాధ్యత రాజ్యానికి ఉందని ఒప్పుకున్న మాట అది. పరిచర్య అన్న భావనకు ఆ విధిలో శాస్త్రస్థాయి లభించింది.

లాయంలో నలుడు

మనోవ్యథకూ అశ్వపరిచర్యకూ ఒకేచోట స్థానం కల్పించిన కథ మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం. తెలుగులో అది నన్నయ రచించిన భాగంలోనే ఉంది. విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి అన్న పేరుతో విరాటుని గుర్రాలను సాకడం ప్రసిద్ధమే అయినా, అక్కడ పరిచర్య అజ్ఞాతవాసానికి పనికివచ్చిన విద్య మాత్రమే. నలుని కథలో సంగతి అంత సులభం కాదు.

జూదంలో రాజ్యాన్ని పోగొట్టుకుని, అడవిలో భార్యను విడిచి, కర్కోటకుని కాటుతో రూపం మారిన నలుడు బాహుకుడన్న పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుని కొలువులో చేరి అశ్వాధ్యక్షుడయ్యాడు. నలుని లోపల కలి ఉన్నాడు. ఈ స్థితిని ఆధునిక మానసిక వ్యాధుల పేర్లతో గుర్తించబోవడం సరికాదు. అయినా తన వశంలో తాను లేని మనిషిని కథ చిత్రించిందనడంలో సందేహం లేదు. ఆ మనిషికి మిగిలిన విద్య అశ్వహృదయం.

ఇక్కడ ఒక వ్యాఖ్యానం సులువుగా తోస్తుంది: నలుడు గుర్రాల సేవలో స్వస్థత పొందాడు. కథ ఈ వ్యాఖ్యానాన్ని సమర్థించదు. సంస్కృత మూలంలో బాహుకుడు ప్రతి సాయంకాలమూ దమయంతిని తలచుకుని ఒకే శ్లోకం చదువుకుంటూ దుఃఖిస్తాడు. అతనితో ఉన్న జీవలుడు అది విని, ఎవరి కోసం ఈ శోకమని అడుగుతాడు. లాయంలోని పని పగలు అతన్ని నిలబెట్టిందేమో కాని, సాయంకాలపు దుఃఖాన్ని తీర్చలేదు. కలి అతని శరీరాన్ని విడిచిపోయినది కూడా అశ్వహృదయం వల్ల కాదు. విదర్భకు పోయే దారిలో ఋతుపర్ణుని వద్ద పొందిన అక్షహృదయం వల్ల. ఏ విద్య తెలియక పతనమయ్యాడో ఆ విద్య తెలిసిన తరువాతనే అతనికి విముక్తి కలిగింది.

అంతమాత్రాన ఈ కథలో గుర్రాలు నిమిత్తమాత్రం కావు. ప్రయాణానికి బాహుకుడు ఎంచుకున్న గుర్రాలు బక్కచిక్కి కనిపించగా ఋతుపర్ణుడు శంకించాడు. బాహుకుడు వాటి లక్షణాలు చెప్పి నమ్మించాడు. బయలుదేరేటప్పుడు ఆ గుర్రాలు మోకాళ్ళ మీద వాలిపోతే అతడు వాటిని బుజ్జగించాడు. కుండిన నగరం చేరాక వాటిని విప్పి, శాస్త్రం చెప్పినట్లు పరిచర్య చేసి, స్వయంగా ఊరడించి, ఆ తరువాతనే తాను రథం మీద కూర్చున్నాడు. ఆ రథధ్వని వినగానే అక్కడున్న నలుని పూర్వపు గుర్రాలు అతడు ఎదుట ఉన్నప్పటివలెనే ఉత్సాహపడ్డాయి.

ఈ వివరాలను ఒకచోట చేర్చి చూస్తే కథ చెప్పే విషయం స్పష్టమవుతుంది. తనకు ఊరట లేని మనిషి మరొక ప్రాణిని ఊరడించగలుగుతున్నాడు. రూపమూ పేరూ పోయినా ఆ సామర్థ్యం పోలేదు. మనుషులు గుర్తించలేని నలుణ్ణి గుర్రాలు ధ్వనిమాత్రం చేత గుర్తించాయి. ఇది చికిత్స కాదు. మనిషితనం పూర్తిగా తెగిపోకుండా నిలిపిన బంధం. ఆధునిక కాలంలో గుర్రపు పరిచర్యకు దక్కుతున్న గుర్తింపు ఈ అంశానికి దగ్గరగా ఉంది. అయితే ఈ కథను ఆ చికిత్సకు పూర్వప్రమాణంగా చూపడం కథకూ చికిత్సకూ కూడా న్యాయం చేయదు.

వైద్యగ్రంథాల్లో స్వారీ: రోగకారణం

హిప్పోక్రటీసు విషయానికి వస్తే, ఆయన పేరిట ఉన్న గ్రంథసముదాయంలో గాలి, నీరు, ప్రదేశాలను గురించిన రచన ఒకటి ప్రసిద్ధం. అందులో నిరంతరం గుర్రాల మీద తిరిగే సిథియను జాతి ప్రస్తావన ఉంది. స్వారీ వల్ల వారికి కీళ్ళ జబ్బులు, కుంటితనం కలుగుతాయనీ, పురుషుల్లో సంతానశక్తి నశిస్తుందనీ ఆ రచన చెబుతుంది. స్వారీలోని లయను మెచ్చుకున్నాడని ప్రచారంలో ఉన్న వైద్యుని పేరిటనే స్వారీని రోగకారణంగా చెప్పే ఈ రచన ఉండడం గమనార్హం.

చరకసంహిత చికిత్సాస్థానంలో వాతరక్తమనే వ్యాధికి చెప్పిన కారణాల్లో గుర్రాల మీద, ఒంటెల మీద ప్రయాణించడం ఉంది. దేహం అదే పనిగా కుదుపులకు లోనుకావడం వాతప్రకోపానికి హేతువన్నది అక్కడి తర్కం. రెండు వేర్వేరు వైద్యసంప్రదాయాలు స్వారీని ముందుగా శరీరానికి కలిగే కుదుపుగానే చూశాయి. తరువాత గేలెను స్వారీని వ్యాయామాల్లో చేర్చాడు. మనిషి తాను కదలడమూ, మరొకదాని చేత కదిలించబడడమూ అందులో కలిసి ఉంటాయని వర్గీకరించాడు. కుదుపు రోగకారణం కావచ్చు, మితంగా ఉంటే ఆరోగ్యకారణం కావచ్చు. ఏది చెప్పినా చర్చ కుదుపును దాటలేదు.

ఇంగ్లండులో స్వారీ ఔషధమైన వైనం

స్వారీని మనోవ్యాధికి మందుగా విస్తృతంగా రాసిచ్చినది 17, 18 శతాబ్దాల ఇంగ్లండు. విషాదరోగం, ఉన్మాదానికి దారితీయని దిగులు, కడుపులో మొదలై తలకెక్కుతుందని నమ్మిన నీరసం వంటి లక్షణాలను ఆనాటి వైద్యులు ఒకే కుదురుకు చెందిన వ్యాధులుగా చూశారు. 17వ శతాబ్దపు ప్రముఖ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ఇటువంటి రోగులకు ప్రతిరోజూ స్వారీ చేయడాన్ని గట్టిగా సిఫారసు చేశాడు. ఫ్రాన్సిస్ ఫుల్లర్ 1705లో వైద్యవ్యాయామాన్ని గురించి ప్రకటించిన గ్రంథంలో తన దిగులు స్వారీతో తగ్గిన అనుభవాన్ని ఆధారం చేసుకున్నాడు. జార్జ్ చెయిన్ 1733లో ఇంగ్లీషు వ్యాధి అన్న పేరుతో నరాల బలహీనతను గురించి రాసిన గ్రంథంలో మితాహారంతో పాటు స్వారీకీ స్థానమిచ్చాడు.

ఈ చికిత్స పొందినవారిలో తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఒకడు. అతిగా చదవడం వల్ల యౌవనంలో తనకు కలిగిన మానసిక అలసటను ఆయన 1734లో ఒక వైద్యునికి రాసిన ఉత్తరంలో వివరించాడు. చేదుమందులు, మాత్రలు, రోజూ కొంత ద్రాక్షసారాయం, వీటితో పాటు 8 లేక 10 స్కాట్ మైళ్ళ స్వారీ ఆయన పొందిన చికిత్స. సుమారు 7 నెలలు అలా సాగింది. ఆ ఉత్తరంలో మందుల సంగతి ఉంది, మైళ్ళ లెక్క ఉంది, దేహస్థితి, మనఃస్థితి ఉన్నాయి. ఏ గుర్రం మీద తిరిగాడో, దాన్ని ఎవరు సాకారో లేదు. ఉండవలసిన అవసరం అప్పటి వైద్యానికి తోచలేదు.

ఆనాటి వైద్యం ఏమనుకున్నదో చెప్పడానికి ఇంతకంటే బలమైన ఆధారం మరొకటి ఉంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో గది గుర్రమనే ఒక సాధనం వాడుకలోకి వచ్చింది. తోలు కప్పి, లోపల స్ప్రింగులు అమర్చిన ఎత్తైన ఆసనం అది. దాని మీద కూర్చుని పైకీ కిందికీ ఊగితే స్వారీలో కలిగే కుదుపు ఇంట్లోనే కలుగుతుంది. నవలారచయిత శామ్యూల్ రిచర్డ్‌సన్‌కు చెయిన్ తన ఉత్తరాల్లో ఈ సాధనాన్ని సిఫారసు చేశాడు. ముద్రణాలయపు పనితో ఇల్లు కదలలేని మనిషికి అది సౌకర్యంగా ఉంటుందన్న ఆలోచన సహజమే. కాని దాని అంతరార్థం పెద్దది. స్ప్రింగుల ఆసనం గుర్రానికి బదులుగా పనికివస్తుందంటే, అప్పటి వైద్యానికి కావలసినది గుర్రం కాదు, కుదుపు. కంటికి కన్ను కలిపే ప్రాణి లేకపోయినా చికిత్సకు లోటు లేదని ఆ వైద్యం భావించింది.

పేరులేని సాహిణులు

స్వారీ ఔషధంగా మారిన కాలంలో దాన్ని వాడుకోగలిగినవారు గుర్రం ఉన్నవారే. ఆ గుర్రానికి మాలీసు చేసినవాడు, లాయం ఊడ్చినవాడు, దాణా పెట్టినవాడు రోగి కాడు, చికిత్సకుడూ కాడు. అతనికి రచనల్లో చోటు లేదు. ఈ లోటు ఇంగ్లండుకే పరిమితం కాదు.

కాకతీయుల కాలపు శాసనాల్లో సాహిణి అన్న మాట అశ్వగజ దళాల అధికారికి బిరుదనామంగా కనిపిస్తుంది. గణపతిదేవుని కాలంనాటి కాయస్థ నాయకుడు గంగయసాహిణి పేరు సుప్రసిద్ధం. అధికారి పేరు శాసనానికెక్కింది. అతని కింద గుర్రాన్ని తోమిన మనిషి పేరు ఎక్కలేదు. విజయనగర రాజ్యాన్ని గురించి 16వ శతాబ్దంలో రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాజు ఏటా 13,000 హర్ముజు గుర్రాలు కొనేవాడని చెప్పాడు. గుర్రాలను చూసుకోవడానికి 1,600 మంది పరిచారకులు, వాటికి శిక్షణనివ్వడానికి 300 మంది ఉండేవారనీ లెక్క చెప్పాడు. ఈ అంకెలు అతిశయోక్తులే అనుకున్నా, అంత పెద్ద సంఖ్యలో మనుషులు తమ జీవితాన్ని గుర్రాల పక్కన గడిపారన్నది నిజం. వారిలో ఒక్కరి మాట కూడా ఆ వర్ణనలో లేదు.

ఈ మౌనాన్ని రెండు విధాల అపార్థం చేసుకోవచ్చు. గుర్రాలను సాకినవారందరూ ప్రశాంతచిత్తులై ఉంటారని ఊహించడం ఒకటి. జీతం కోసం, దండన భయంతో, రాత్రింబవళ్ళు చేసిన చాకిరీని చికిత్స అనడం అన్యాయం. అర్థశాస్త్రంలోని దండనలు గుర్రాన్ని రక్షించడానికి ఉద్దేశించినవే, కాని వాటి బరువు పడినది పరిచారకుని మీదనే. చాకిరీ కనుక అందులో మానసికానుభవమే లేదనుకోవడం రెండవ అపార్థం. గుర్రపు చెవుల కదలికను బట్టి దాని భయాన్ని కనిపెట్టడం, పొట్ట చప్పుడును బట్టి శూలను పసిగట్టడం, మొండికేసిన గుర్రం ముందు తన కోపాన్ని దిగమింగడం వంటి నేర్పులు ఈ మనుషుల దగ్గరే పెరిగాయి. జెనఫన్ అక్షరబద్ధం చేసిన నియమాలు ఎన్నో లాయాల్లో నోటిమాటగా నడిచి ఉంటాయనడం అసంబద్ధం కాదు. పరిచర్య దానంతట అదే ఔషధం కాదు. దాన్ని ఎవరు, ఏ స్థితిలో, ఎంత స్వేచ్ఛతో చేస్తున్నారన్న దాని మీద ఫలితం ఆధారపడుతుంది.

పరిచర్య వైద్యంలోకి వచ్చిన తీరు

మనోవ్యాధిగ్రస్తుల సంరక్షణలో జంతువులకు స్థానం కల్పించిన తొలి సంస్థల్లో ఇంగ్లండులోని యార్క్ రిట్రీట్ ఒకటి. క్వేకరు మతస్థుడైన విలియం ట్యూక్ కృషి ఫలితంగా అది 1796లో ప్రారంభమయింది. గొలుసులు, దెబ్బలు మాని, గౌరవంతో కూడిన వ్యవహారం ద్వారా రోగి ఆత్మనిగ్రహాన్ని తిరిగి మేల్కొల్పాలన్నది దాని పద్ధతి. సంస్థాపకుని మనుమడు శామ్యూల్ ట్యూక్ 1813లో ప్రకటించిన వర్ణనలో అక్కడి ఆవరణల్లో కుందేళ్ళు, సముద్రపక్షులు, డేగలు, కోళ్ళు ఉండేవని రాశాడు. వాటితో మెలగడం రోగుల్లో సాంఘిక భావాలనూ దయాభావాలనూ మేల్కొలుపుతుందన్నది ఆయన అభిప్రాయం. ఆ జాబితాలో గుర్రం లేదు. అయినా మన అంశానికి ఇది మలుపు. జంతువు ఇచ్చే కుదుపు కాక, జంతువు పట్ల మనిషికి కలిగే భావం ఇక్కడ చికిత్సాంశమయింది.

గుర్రపు మనసు సాహిత్యంలో స్వరం పొందినది 1877లో వెలువడిన బ్లాక్ బ్యూటీ నవలలో. చిన్ననాటి గాయం వల్ల నడవడం కష్టమై, గుర్రపు బండ్ల మీద ఆధారపడి జీవించిన అన్నా సెవెల్ ఆ నవలను గుర్రమే చెప్పుకున్న కథగా రాసింది. గుర్రాలతో పనిచేసేవారిలో దయను పెంచడం ఆమె ఉద్దేశం. గుర్రం మీద ఆధారపడిన మనిషి గుర్రం తరఫున ఆలోచించిన సందర్భంగా దీన్ని చెప్పుకోవచ్చు.

20వ శతాబ్దంలో స్వారీకి చికిత్సగా మళ్ళీ గుర్తింపు రావడానికి డెన్మార్కు దేశస్థురాలు లిస్ హార్టెల్ జీవితం కారణమయింది. 1944లో, గర్భవతిగా ఉండగా, 23 ఏళ్ళ వయసులో ఆమెకు పోలియో సోకింది. మోకాళ్ళ కింద కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడ్డాయి. ఆమె మళ్ళీ స్వారీ నేర్చుకుని 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ విభాగంలో రజతపతకం గెలుచుకుంది. ఆ విభాగంలో స్త్రీలకు తొలిసారి ప్రవేశం లభించిన ఒలింపిక్స్ అవి. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఆమెకు మరొకరి సాయం అవసరమయ్యేది. 1956లో ఆమె మరొక రజతం సాధించింది. కాళ్ళతో ఆజ్ఞ ఇవ్వలేని రౌతు తన బరువును స్వల్పంగా మార్చడం ద్వారా గుర్రంతో సంభాషించింది. గుర్రం ఆ భాషను నేర్చుకుంది. గది గుర్రం మీద ఇది సాధ్యం కాదు.

ఆ తరువాత వికలాంగుల స్వారీకి సంబంధించిన సంస్థలు అనేక దేశాల్లో ఏర్పడ్డాయి. బ్రిటన్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ జాతీయస్థాయి సంఘాలు 1969లోనే రూపొందాయి. వాటి దృష్టి మొదట్లో శరీరం మీద ఉండేది. క్రమంగా మనసు మీదికి, స్వారీ నుంచి పరిచర్య మీదికి మళ్ళింది. దీనికి మంచి ఉదాహరణ న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్‌కిల్ కారాగారంలో 1984లో మొదలైన కార్యక్రమం. పందేలకు పనికిరాకుండా పోయిన గుర్రాల సంరక్షణ అక్కడ ఖైదీల చేతికి వచ్చింది. మేత పెట్టడం, తోమడం, గిట్టలు శుభ్రం చేయడం, గాయాలకు కట్టు కట్టడం అక్కడి ప్రధాన విద్యలు. ప్రయోజనం తీరిందని లోకం పక్కన పెట్టిన ప్రాణిని, లోకం పక్కన పెట్టిన మనిషి సాకుతున్నాడు. పనికిరాని గుర్రాలకు గ్రాసమిచ్చే కౌటిల్యుని విధి ఇక్కడ మరొక అర్థంతో ఆచరణలోకి వచ్చిందనవచ్చు.

నేటి పరిశోధనలు: ఆశ, హెచ్చరిక

గుర్రం మనిషి భావాలను గ్రహిస్తుందన్న లోకానుభవానికి ప్రయోగాల మద్దతు కొంత లభించింది. ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన అధ్యయనంలో 28 గుర్రాలకు సంతోషంతోనూ కోపంతోనూ ఉన్న మనుషుల ముఖచిత్రాలు చూపారు. కోపముఖాన్ని గుర్రాలు ఎడమ కంటితో చూడడానికి మొగ్గుచూపాయి. వాటి గుండె వేగం త్వరగా పెరిగింది. ఫ్రాన్సులోని కామార్గ్ గుర్రాలపై జరిగి 1993లో వెలువడిన మరొక అధ్యయనంలో, మెడ అడుగున, భుజాల దగ్గర, గుర్రాలు తమలో తాము ఇష్టంగా గోక్కునే చోట నిమిరినప్పుడు గుండె వేగం తగ్గింది. ఇష్టమైన చోట నిమరాలన్న జెనఫన్ సూచనకు ఇది చాలా ఆలస్యంగా లభించిన సాక్ష్యం.

మనిషికి కలిగే మేలు విషయంలో సాక్ష్యం ఇంత స్పష్టంగా లేదు. మానసిక రుగ్మతలకు అశ్వసంబంధి చికిత్సలపై వచ్చిన 14 అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష 2014లో వెలువడింది. వాటన్నిటిలోనూ పద్ధతి లోపాలున్నాయనీ, ఆ చికిత్సలను సమర్థించడానికి ఆధారం చాలదనీ అది తేల్చింది. చికిత్స పొందనివారితో సరైన పోలిక లేకపోవడం, కొత్త వాతావరణమూ ఆరుబయటి గాలీ శ్రద్ధ చూపే మనుషులూ కలిగించే మేలును గుర్రం వల్ల కలిగిన మేలు నుంచి విడదీయలేకపోవడం ఇటువంటి అధ్యయనాలకు సహజమైన చిక్కులు. గుర్రాల సాంగత్యంలో ఊరట పొందినవారి అనుభవం అబద్ధమని దీని అర్థం కాదు. ఊరట వేరు, వ్యాధికి నిరూపితమైన చికిత్స వేరు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు వైద్యాన్ని మాని గుర్రాన్ని ఆశ్రయించడం ప్రమాదకరం. ప్రాచీనప్రమాణం పేరుతో ఈ తేడాను చెరిపివేసే రచనలు పాఠకునికి మేలు చేయవు. మూలగ్రంథాలను చదివి చెప్పవలసిన బాధ్యత సాహిత్య పరిశోధకులకు ఉన్నది ఇటువంటి చోటనే.

ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. స్వారీ మనసుకు మందు అన్న భావన ప్రాచీన వైద్యానిది కాదు. దాన్ని వ్యాప్తిలోకి తెచ్చినవారు 17, 18 శతాబ్దాల ఇంగ్లండు వైద్యులు. వారికి కావలసినది కుదుపే అన్న సంగతికి గది గుర్రం సాక్ష్యం. గుర్రపు మనసును గౌరవించే దృష్టి అశ్వశాస్త్రాల్లోనూ పరిచారకుల అనుభవంలోనూ వేరుగా పెరిగింది. ఈ రెండు పాయలూ కలిసిన తరువాతనే, మరొక ప్రాణి మనసును కనిపెట్టుకుని ఉండడం వల్ల తన మనసు కుదుటపడుతుందన్న ఆధునిక భావన సాధ్యమయింది.

దీన్నిబట్టి గుర్రపు క్షేమం ఈ చికిత్సకు అదనంగా చేర్చే అంశం కాదు, దాని మూలాంశం. అలసిన గుర్రం మీద, కొట్టి లొంగదీసిన గుర్రం మీద మనిషికి కలిగే ఊరట గది గుర్రం ఇచ్చే ఊరటను మించదు. పరిచారకుల విషయమూ అంతే. లాయం, లాడం, జీను, కళ్ళెం, దాణా, మాలీసు వంటి మాటల వెనుక ఉన్న వృత్తిజ్ఞానాన్ని, హైదరాబాదు మలక్‌పేట పందెపు మైదానం వంటి చోట్ల తరతరాలుగా గుర్రాలను సాకుతున్న కుటుంబాల నోటి నుంచే సేకరించవలసి ఉంది. మాండలిక, వృత్తిపద పరిశోధన చేసే తెలుగు శాఖలకు అది తగిన పని. గుర్రంతో గడిపిన జీవితం మనసుకు ఏమి చేస్తుందో, ఏమి చేయదో ముందుగా చెప్పవలసినవారు వారే.

విదర్భ చేరిన బాహుకుడు రాజభవనం వైపు చూడక ముందు గుర్రాలను విప్పి, తోమి, ఊరడించాడు. అతని దుఃఖం అప్పటికి తీరలేదు. అశ్వహృదయమన్న మాటను గుర్రాన్ని వేగంగా తోలే రహస్యవిద్యగా మాత్రమే అర్థం చేసుకుంటే ఈ ఘట్టం అందులో ఇమడదు. తన బాధ మధ్యలో కూడా మరొక ప్రాణి అలసటను గుర్తించగల స్థితిని ఆ మాటలో చేర్చుకున్నప్పుడే దాని అర్థం పూర్తవుతుంది.